కలుపుకూర

ఈ ఉదయం కిటికీ తీయగానే మళ్లీ గడ్డిమందు వాసన. కనకమామిడిలో మా ఇంటి వెనకున్న ఫామ్‌హౌస్ వాళ్లకు పచ్చిక తప్ప మరో మొక్క కంటికి కనబడకూడదు. వాళ్ల పచ్చిక పాడుగాను! ఆ వాసన తగిలితే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ ఫామ్‌హౌస్ గోడ లోపలిదే నేను చిన్నప్పుడు తిన్న తిండి.

అప్పుడది పటేల్ జొన్నచేను. వానలు పడి మట్టి మెత్తబడ్డాక మా అమ్మ కలుపుకు పోతే నేనూ వెంటపడేదాన్ని. గునుగు, చెంచలి, తుమ్మి, సన్నవాయిలి జొన్న సాళ్ల మధ్య ఒకదాన్నొకటి తోసుకుంటూ మొలిచేవి. చేను ఎవరిదైనా కలుపులో దొరికిన కూర కలుపు తీసినదానిదే, అది ఊరి కట్టుబాటు. పటేల్ భార్య కూడా గట్టు మీద నిలబడి, "నాకు జర పిడికెడు తుమ్మికూర ఇయ్యవే" అని అడిగే తీసుకునేది. ఒడి నిండా కూరతో ఇల్లు చేరి, ఎల్లిపాయ కారం వేసి వేయించి, వేడి జొన్నగట్క మీద వడ్డించి అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, నేను ఒక కన్ను తెరిచి గిన్నెకేసి చూస్తూ ఆమెన్ ఎప్పుడంటుందా అని తహతహలాడేదాన్ని. మాకు కరువులున్నాయి గానీ, వానాకాలం కూరకు కరువు ఎరగం.

ఇప్పుడు నా బిడ్డకు రక్తం తక్కువని బడిలో తేలింది. మాత్రలిచ్చారు, మంచిదే. రోజూ ఆకుకూర తినాలని ఆరోగ్య పాఠం చెప్పి, ఏం తిన్నారని పొద్దున్నే అడుగుతున్నారు. ఎక్కడినుంచి తెచ్చి తినాలి? చేవెళ్ల చుట్టూ పండిన పాలకూర తెల్లారకముందే పట్నం బండి ఎక్కుతుంది. మాకు మిగిలేది వాడిన కట్ట, అదీ పట్నం ధరకే. ఆ జొన్నచేను అమ్మినవాళ్లకూ, కొని గోడ కట్టినవాళ్లకూ లేని పాఠం, తినే పిల్లకా?

నిన్న మా అమ్మ మనసాగక గోడ బయట మొలిచిన గునుగు గిల్లుకొచ్చింది. పొయ్యి మీద పెట్టగానే గడ్డిమందు కంపు. గోడ బయట కూడా కొట్టారు! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదీ వీళ్ల సంగతి. మా అమ్మ కూరంతా పెంటకుప్ప మీద పోసి, కోళ్లు ముట్టకుండా మట్టి కప్పింది.

"అవ్వా, రేపు టీచర్ ఏం కూర తిన్నవంటే ఏం చెప్పాలె?" అని నా బిడ్డ అడిగింది.

"గునుగు, చెంచలి, తుమ్మి, సన్నవాయిలి... గీ పేర్లు తిన్ననని చెప్పు బిడ్డా," అంది మా అమ్మ.

ఈ పొద్దున నా బిడ్డ తొక్కుపచ్చడితో అన్నం తిని, ఆ పేర్లు మరిచిపోకుండా వల్లె వేసుకుంటూ, ఆ గోడ పక్కనుంచే బడికి పోయింది.