పాటల పంచాంగంలో లేని సోమవారం

నాచారంలో ఉపేందర్ నడిపే కేబుల్ చానెల్‌లో రోజూ పొద్దున 'పాటల పంచాంగం' వచ్చేది. హబ్సిగూడలో శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరైన జనార్ధనరావు దాన్ని తానే రాసి, తానే చదివేవాడు. ఆ తేదీన ఏ ఏట ఏ గాయకుడు పుట్టాడు, ఏ రికార్డు విడుదలైంది, ఏ సంగీత దర్శకుడు కన్నుమూశాడు, అన్నీ వరుసగా చెప్పేవాడు. ఆధారం లేని మాట ఒక్కటీ ఆయన నోట వచ్చేది కాదు. అది ఆయన గర్వం. కాదనదగిన గర్వమేమీ కాదు.

సారలమ్మ ఆ కార్యక్రమాన్ని వినడమే తప్ప చూసింది లేదు. మల్లాపూర్‌లోని కారం పొట్లాల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. ఆ వేళకు వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఉండేది. 2012 డిసెంబరులో ఒక పొద్దున జనార్ధనరావు గొంతు గోడ దాటి వచ్చింది.

"మూడేళ్ల కిందట ఇదే రోజున, ఉప్పల్ సభలో 'చెల్లె ఓ చెల్లె' పాట తొలిసారిగా వినిపించింది. జానపదం. రచన అజ్ఞాత."

సారలమ్మ చేతిలోని మూత చేతిలోనే ఉండిపోయింది.

"అజ్ఞాత అంటే ఏందయ్యా?" అని భర్తను అడిగింది.

బుచ్చిరాములు రాత్రి కాపలా డ్యూటీ దిగి వచ్చి, కళ్లు మూసుకుని కుర్చీలో వాలి ఉన్నాడు. "ఎవలో తెల్వదన్నట్టు."

"ఎవలికి తెల్వదు? నెలనెలా నా ఇంటికొచ్చి కేబుల్ పైసలు తీస్కపోయేటోనికి నేను తెల్వదా?"

ఆ పాట ఆమె కట్టినదే. 2004లో ప్యాకింగ్ సెక్షన్‌కు రాణి అనే పిల్ల కొత్తగా వచ్చింది. ఉప్పల్ బోనాలు అయిన మర్నాడు, సోమవారం, పొట్లాలను అతికించి కోసే మిషన్‌లో ఆమె కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. కంపెనీకి కూలీలను పెట్టే కంట్రాక్టరు మనుషులు ఆమెను ఒక చిన్న దవాఖానాలో దింపి వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా ఆ రోజు రాణి అసలు పనికే రాలేదని తేల్చారు. నెత్తుటి మరక మీద కారం చల్లి ఊడ్చిన చీపురు ఎవరి చేతిలో ఉందో సెక్షన్‌లో అందరికీ తెలుసు. అయినా, ఆ సోమవారం కంపెనీ లెక్కల్లో జరగలేదు. అందుకే సారలమ్మ దాన్ని పాటలో జరిపించింది.

*బోనాల తెల్లారి సోమారం నాడు*
*గేటు దాటి వచ్చినవు రాణీ ఓ రాణి*
*వేళ్లు మూడు మిషనుల తెగిపోయినంక*
*వచ్చిందే లేదనిరి రాణీ ఓ రాణి*

సారలమ్మ గొప్ప గాయని అని చెప్పడానికి లేదు. పై స్థాయికి పోతే గొంతు జీరబోయేది, తాళం ఒక్కోసారి తప్పేది. కాని ప్యాకింగ్‌లో ఆడవాళ్లు ఆ పాటను మిషన్ల మోత మీదుగా పాడుకున్నారు. అది గేటు దాటింది, ఉద్యమం రోజుల్లో సభకెక్కింది. సభలో ఎవరో సోమవారాన్నీ, 'వచ్చిందే లేదనిరి' అన్న పాదాన్నీ తీసేశారు, రాణిని చెల్లెను చేశారు. చెల్లె అంటే అందరికీ చెల్లెలే. ఆమె వేళ్లు ఎవరి మిషన్‌లో పోయాయని ఎవరూ అడగరు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి సారలమ్మ నేరుగా చానెల్ ఆఫీసుకు పోయింది.

"మీరు పొద్దున జెప్పిన అజ్ఞాతను నేనే సార్," అంది.

జనార్ధనరావు మర్యాదగా కుర్చీ చూపించాడు, కథంతా విన్నాడు. "పాట ఎప్పుడు కట్టారమ్మా?"

"బోనాల తెల్లారి సోమారం. రాణి వేళ్లు వోయిన నాడు."

"అక్కా, గట్ల గాదు, తారీఖు," అన్నాడు ఉపేందర్.

"తారీఖు కంపెనోళ్ల తాన ఉంటది. వాళ్ల లెక్కల ఆ దినం రాణి రానే రాలె."

"ఆధారం లేనిది నేను చెప్పలేనమ్మా," అన్నాడు జనార్ధనరావు. "సభకు ఫోటోలున్నాయి, పేపర్లో వార్త ఉంది. పోనీ, మీ పుట్టినతేదీ ఉందా? ఆ రోజున మీ పేరు చెప్పి, మీ చేతనే పాడిస్తాను."

సారలమ్మ రవికలోంచి చిన్న సంచీ తీసి ఈఎస్ఐ కార్డు బల్ల మీద పెట్టింది. "జనవరి ఒకటి. నేనొక్కదాన్నే గాదు సార్, మా ప్యాకింగ్‌ల అందరం ఆ దినమే పుట్టినం. కంట్రాక్టరు గుమస్తా ఒక్క కూసునుడుల అందర్ని కన్నడు."

ఉపేందర్ పగలబడి నవ్వాడు. జనార్ధనరావు కార్డులోని తేదీని శ్రద్ధగా రాసుకున్నాడు. అబద్ధమని ఎదుటనే చెప్పినా ఆ తేదీ ఆయనకు చెల్లింది, దానికి ముద్ర ఉంది కనుక. ముప్పై మంది కళ్లారా చూసిన సోమవారం చెల్లలేదు. చరిత్ర నిజానిజాలను తేలుస్తుందని నమ్మేవాళ్లు ఆ గదిలో ఒక పూట కూర్చోవలసింది.

"వస్త సార్," అంది సారలమ్మ. "గాని పాట నేను కట్టినట్టే పాడుత. రాణి పేరు పోవద్దు."

"పాట మీది. మీ ఇష్టం."

ఉపేందర్ తల ఎత్తకుండా తీగలేవో సర్దుకుంటున్నాడు.

జనవరి ఒకటిన ఆమెకు శాలువా కప్పారు. జనార్ధనరావు ఆ తేదీన పుట్టిన ప్రసిద్ధుల పేర్లన్నీ చదివి, చివర సారలమ్మ పేరు చదివాడు. ఆమె కళ్లు మూసుకుని పాడింది. జీరపోయే చోట జీరపోయింది. నాలుగు చరణాలూ పాడి కళ్లు తెరిచేసరికి జనార్ధనరావు తలవంచుకుని చప్పట్లు కొడుతున్నాడు.

శాలువా తీయకుండానే ఆటో ఎక్కి, ఉప్పల్ డిపో ముందు రాణి ఇప్పుడు నడుపుతున్న చాయ్ డబ్బా దగ్గర దిగింది. అక్కడ చిన్న టీవీ ఉంది. పొద్దటి షిఫ్టుకు పోవాల్సిన ఆడవాళ్లు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"గిదేం పాటనే అక్కా," అంది రాణి, రెండు వేళ్ల మధ్య గ్లాసు ఇరికించుకుని కడుగుతూ. "గేటు దాటి వచ్చినవు అన్నవు. నా పేరు రాకముందే టీవీల నిన్ను దీసేసి నారపల్లిల ప్లాట్లు అమ్మవట్టిరి."

"ఎవని ప్లాట్లు?"

"ఇంకెవనియి? మన కంట్రాక్టరుయే. ఇప్పుడు భూముల ఎంచరు జేస్తున్నడు గద."

వచ్చిన ఆటోలోనే సారలమ్మ వెనక్కి పోయింది. ఉపేందర్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. "అక్కా, జర సమజ్ జేస్కో. ఆయన యాడ్‌ల మీదనే చానెల్ నడుస్తది."

ఆమె అతణ్ణి పక్కకు జరిపి లోపలికి నడిచింది. "సార్, నేను పాడుతాంటే మీ ముంగటి టీవీల ఏమొచ్చింది?"

జనార్ధనరావు అబద్ధమాడలేదు. అది ఆయనకు చేతకాదు. "ప్రకటన వచ్చిందమ్మా."

"మీరు సూసిన్రా?"

"చూశాను."

"సూసి, నన్ను ఒట్టి మైకుల ఆఖరి దాంక పాడనిచ్చిన్రు. పాడినంక సప్పట్లు గొట్టిన్రు."

సారలమ్మ శాలువా తీసి మడతపెట్టి బల్ల మీద ఉంచింది. "ఇది మీ అజ్ఞాతకు గప్పుండ్రి. నాకొద్దు."

పాటల పంచాంగం ఆగలేదు. ఆ ఏడాది డిసెంబరులోనూ ఆ సభనే చెప్పింది. 'అజ్ఞాత' అన్న మాట మాత్రం తీసేశారు. ఆ చోట ఏమీ పెట్టలేదు.

2014 జూన్ రెండున, రాష్ట్రం వచ్చిన రోజు, డిపోకు ఎదురుగా వేదిక వేశారు. పెద్దమనుషుల వరుసలో కంట్రాక్టరు కూడా మెడలో కండువాతో కూర్చున్నాడు. గాయకుడు 'చెల్లె ఓ చెల్లె' ఎత్తుకున్నాడు. కంట్రాక్టరు మోకాలి మీద తాళం వేస్తున్నాడు. రెండో పాదం చివరికి రాగానే, చాయ్ డబ్బా దిక్కు నుంచి ప్యాకింగ్ ఆడవాళ్లు ఒక్క గొంతుతో "రాణీ ఓ రాణి" అన్నారు. సారలమ్మ గొంతు అందరికన్నా పైన, పగిలి వినిపించింది. గాయకుడు తడబడ్డాడు. మైకులో చెల్లె, కింద రాణి. ముందున్న పిల్లలకు కింది పేరే నచ్చింది. వాళ్లూ అందుకున్నారు. ఆ చరణం చివరి పాదం గాయకుడికి రాదు. ఆడవాళ్లకు వచ్చు.

*వచ్చిందే లేదనిరి రాణీ ఓ రాణి*

కంట్రాక్టరు చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది.

రాణి పొయ్యి మీది గిన్నె దించి, కుడిచెయ్యిని కొంగుకు తుడుచుకుంది. ఎప్పుడూ కొంగులోనే దాచుకునే ఆ చెయ్యిని ఈసారి బయటనే ఉంచుకుంది.

"అక్కా, సోమారం చరణం మల్లొకపాలి అనుండ్రి," అంది. "ఆయనకు సక్కగ ఇనవడినట్టు లేదు."