మూడో గది ముల్లు

ఆ రోజుల్లో యంత్రాన్ని నమ్మడమంటే దానికి బొట్టు పెట్టడమే. ఇప్పుడు మా అబ్బాయి ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ గదుల వేడిని ఫోనులో చూసుకుంటాడు. డెబ్బైల్లోనే గన్నవరం రోడ్డులోని ఒక కోల్డ్ స్టోరేజీలో నేను అదే పని చేశానంటే వాడు నమ్మడు. గోడకి బీరువా తలుపంత బోర్డు, దానిమీద గదికొక మీటరు, మీటరుకొక ఎర్ర దీపం. ప్రతి గదిలోనూ ఒక ఇత్తడి గొట్టం ఉండేది. దానికి వేడి తగిలితే చాలు, వైరు వెంట కబురొచ్చి బోర్డుమీద ముల్లు లేచి, దీపం వెలిగి, గంట మోగేది. నన్ను అక్కడ కూర్చోబెట్టింది సూపర్‌వైజరైన మా బాబాయి. ఆయన నేర్పిన పాఠం ఒక్కటే: "ఒరేయ్, ఒక గది ఎర్రబడితే నన్ను కేకెయ్. వరసగా అన్నీ ఎర్రబడితే మాత్రం మిషనుకే ఏదో ముంచుకొచ్చినట్టు. నాకోసం చూడకుండా మెయిన్ స్విచ్ లాగెయ్." (లాగాక మళ్ళీ నడపాలంటే మద్రాసు నుంచి మెకానిక్కు రావాలి. ఆ ముక్క చెప్పేటప్పుడు బాబాయి గొంతు తగ్గించేవాడు.)

ఆయుధపూజ నాడు కంప్రెసరు ముందు కొబ్బరికాయ కొట్టి, బోర్డుకి బంతిపూల దండ వేశాం. పూజ అయిపోయిందనుకుని నేను పులిహోర పొట్లం విప్పాను. పక్కనే బందరు రొయ్యల మావయ్య కూర్చున్నాడు (ఎవరికీ మావయ్య కాడు, అందరికీ మావయ్యే). ఆ సీజను సరుకంతా మూడో గదిలో పెట్టుకున్నాడు. "ఇది అమ్ముడైతే సొంత పడవే అబ్బాయ్, ఇంక ఒకళ్ళ పడవ ఎక్కక్కర్లేదు" అంటుండగానే గంట మోగింది. మొదటి గది.

"బాబాయ్!" అని అరిచాను. ఆయన చుట్టుపక్కల ఎక్కడా లేడు. అంతలో రెండో దీపం వెలిగింది. మావయ్య లేచి నిలబడి, "మూడో గదికి రాదుగా?" అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే మూడో ముల్లు లేచింది. నేను స్విచ్ మీద చెయ్యి వేశాను, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "లాగకయ్యా, నా పడవ మునిగిపోద్ది!" "లాగకపోతే అంతా తగలడిపోద్ది మావయ్యా!" ఆపితే ఆయన రొయ్యలు కుళ్ళిపోతాయి, ఆపకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. ఆఖరిదైన నాలుగో దీపం కూడా వెలిగింది. ఇక లాభం లేదని ఆయన్ని విదిలించుకుని లాగాను. పులిహోర నూనెకి పిడి జారిపోయింది. మళ్ళీ పట్టుకోబోతుంటే గుప్పున కర్పూరం వాసన కొట్టింది.

తలకి మఫ్లరు, చేతిలో హారతి పళ్ళెంతో బాబాయి తలుపు తోసుకొచ్చాడు. "బోర్డుకొక్కదానికే ఇస్తే ఎలారా? దాని కళ్ళన్నీ లోపలేగా ఉన్నాయి. అన్ని గొట్టాలకీ హారతి పట్టి వస్తున్నా. ఊఁ, కళ్ళకద్దుకోండి!" అన్నాడు. వెనకాల ముళ్ళు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. మావయ్య హారతి అద్దుకుంటూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. ఎందుకో అర్థంకాక బాబాయి, "భక్తి ఉండాలిరా, మరీ ఇంతా?" అన్నాడు.

మొన్న మా అబ్బాయి ఫోనులో ఎర్రచుక్క వెలిగింది. వాడు కంగారుగా అందరికీ ఫోన్లు చేస్తుంటే, "ఎవరైనా హారతి ఇస్తున్నారేమో కనుక్కోరా" అన్నాను. వాడు విసుక్కున్నాడు. వాడి తప్పేం లేదు. వాడి ఫ్యాక్టరీలో మా బాబాయి లేడు.