కోనలో జారిన తంగేడు పువ్వు

మొన్న మా అమ్మాయి స్నేహితురాళ్లతో గండికోటకు వెళ్లి, లోయ అంచున గుడారం వేసుకుని పడుకుని, మరునాటి సాయంత్రానికి నంద్యాలలో మా ఇంటికి చేరి, వీపు మీది సంచిని వరండాలో దభీమని పడేసి స్నానానికి పోయింది. మాసిన బట్టలు తీద్దామని నేను ఆ సంచి తెరిచాను. కట్టెపొగ, రాతిదుమ్ము, ఎండిన చెమట, అడుగున ఎక్కడో చితికిపోయిన సీతాఫలం, ఇవన్నీ కలిసిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. సంచి మూతి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. సంతోషమా అంటే కాదు, దుఃఖమా అంటే అదీ కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు సరిగ్గా ఇదే వాసన మధ్య నా బతుకు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మళ్లింది. ఎవరు మళ్లించారో మాత్రం నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

మాది ఆళ్లగడ్డకు ఆమడ దూరంలో, నల్లరేగడి పొలాల నడుమ ఊరు. కార్తీకం వచ్చేసరికి మా ఊళ్లో గాలి తీరే మారిపోయేది. పొద్దున సన్నటి చలి, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రం పశువుల వెంట లేచే దుమ్ము. శనగ విత్తడానికి భూమి సిద్ధం చేసుకుని ఒక్క పదును వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చునే మగవాళ్లు, వసారాలో కొర్రగడ్డి పరిచి సీతాఫలాలు మాగేసే ఆడవాళ్లు, ఆ గడ్డిలోకి చేతులు దూర్చి మెత్తబడిన కాయ కోసం తడుముతూ తిట్లు తినే మేము. అరుగు మీద గులకరాళ్లతో అచ్చనగండ్లు ఆడి ఆడి ఆడపిల్లలందరికీ గోళ్లు అరిగిపోయేవి. మా ఇంట్లో ముగ్గురం పిల్లలం, నేను నడిమిదాన్ని. పెద్దదానికి దక్కే మర్యాదా నాకు లేదు, చిన్నవాడికి దక్కే గారాబమూ లేదు.

పెత్తనమంతా మా జేజిది, అంటే నాయన తల్లిది. పొడుము పీల్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ తరువాతే ఏ మాటైనా చెప్పేది. ఏ పని తలపెట్టినా స్వామిని పువ్వడగందే అడుగు ముందుకు వేయనిచ్చేది కాదు. స్వామి అంటే గుడీ గోపురమూ కాదు. నల్లమల అంచున, కోనలో చాలా దూరం లోపలికి నడిచాక, ఒక బండ నీడన నిలబడి ఉండే సింధూరం పూసిన రాయి. తడిపిన తంగేడు పువ్వులు రెండు ఆ రాయికి అటొకటి ఇటొకటి అతికించి, అడగవలసిన మాట గట్టిగా అడిగి, నోరు మూసుకుని కూర్చోవాలి. కుడివైపు పువ్వు ముందు జారితే స్వామి సరేనన్నట్టు, ఎడమది జారితే వద్దన్నట్టు. ఎద్దులు కొనాలన్నా, బావి తవ్వాలన్నా, పిల్లకు సంబంధం కుదుర్చుకోవాలన్నా మా వాళ్లు వీపులకు మూటలు కట్టుకుని ఆ కోనకు నడిచేవాళ్లు.

ఆ ఏడు అడగవలసిన మాట నా గురించి. అమ్మకు ఒక అక్క ఉండేది, మా పెద్దమ్మ. నంద్యాలలో కాపురం, పెద్దనాయనకు బట్టల అంగడి, ఇంట్లో కొళాయి, నెత్తిన తిరిగే ఫ్యాను, అన్నీ ఉన్నాయి, పిల్లలు లేరు. నన్ను పెంపకానికి ఇమ్మని అడిగింది. అమ్మ అవుననలేదు, కాదనలేదు. నాయన తన తల్లి వైపు చూశాడు. జేజి పొడుము పీల్చి, స్వామినే అడుగుదామంది. నన్నెవరూ అడగలేదు, అడిగినా ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు. ఫ్యాను కింద పడుకోవాలని ఉండేది, అమ్మ పక్కన పడుకోవాలనీ ఉండేది. రెండూ ఒకేచోట ఎందుకు దొరకవో బుర్రకెక్కేది కాదు.

మూటలు కట్టడమే ఒక పండగ. పాత దుప్పట్లలో పెళుసుగా కాల్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డలు, బొరుగులు, బెల్లం, రాత్రి వండుకోవడానికి కొర్రబియ్యం, సొరకాయ బుర్రల్లో నీళ్లు. దుప్పటి కొసలు ఒకటి భుజం మీది నుంచీ ఇంకొకటి చంక కింది నుంచీ తెచ్చి రొమ్ము మీద ముడి వేస్తే వీపున మూట కదలకుండా కూర్చునేది. నాకూ ఒక బుల్లి మూట కట్టారు. అందులో నా పరికిణీలు రెండూ ఎందుకు పెట్టారో నేను అడగలేదు. ఒక్క రాత్రికి రెండు పరికిణీలు ఎందుకని ఇప్పుడు అనిపిస్తుంది. పెద్దమ్మ నంద్యాల నుంచి బన్నుల పొట్లంతో, రబ్బరు చెప్పులతో దిగింది. అక్కనూ తమ్ముణ్ణీ పొరుగింట్లో విడిచి అయిదుగురం బయలుదేరాం. కోన మొదట్లోనే పెద్దమ్మ చెప్పు ఒకటి తెగింది. రెండోది కూడా విడిచి చేతబట్టుకుని, పట్నం పాదాలతో రాళ్ల మీద నడిచింది. తగులుతున్నాయా అని నాయన అడిగితే లేదంది.

ఆ ఏడు వానలు లేక కోనలో వంక ఎండిపోయింది. రెండు పక్కలా ఎర్రటి కొండగోడలు, వాటి మీద ఎవరికీ అందని ఎత్తున తేనెపట్లు, కింద తెల్లటి గుండ్రాళ్లు, పైన పంచె అంచంత ఆకాశం. గాలి చల్లగా వీస్తున్నా రాళ్ల లోంచి మాత్రం పొయ్యి ఆర్పిన తరువాతి సెగ వచ్చేది. బండల సందుల్లో ఎండిన సీతాఫలం చెట్లు, వాటికి కోతులు కొరికి వదిలేసిన కాయలు. ప్రతి మలుపూ ఒక్కలాగే ఉండేది. మాట్లాడితే మన మాట ముందు నుంచి వస్తోందో వెనక నుంచి వస్తోందో తెలిసేది కాదు. ఇంకెంత దూరమని నేను విసిగిస్తూ ఉంటే నాయన కసురుకోలేదు, నవ్వాడు.

“పోతాండామో, వస్తాండామో నాకే తెల్దు పాపా. నడువు.”

మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు పెద్దమ్మ ఒక సీతాఫలం చీల్చి, గింజలన్నీ తీసి, గుజ్జు మాత్రం నా నోట్లో పెట్టింది. మా ఇంట్లో అలా పెట్టేవాళ్లు లేరు. గింజలు ఉమ్మడం పుట్టగానే వచ్చి ఉండాలి మాకు. నేను ఆశగా నోరు తెరుస్తూ అమ్మ వైపు చూశాను. అమ్మ రొట్టె తుంచుకుంటూ తల వంచుకుంది. ఆ గుజ్జు మింగి మళ్లీ నోరు తెరిచాను.

రాత్రి బండ కింద పడుకుని, తెల్లవారాక రాతి దొనలో నిలిచిన పచ్చటి నీళ్లతో ముఖాలు కడుక్కుని, రాయి ముందు కూర్చున్నాం. జేజి పువ్వులు అతికించి, చేతులు జోడించి, “ఈ బిడ్డను దాని పెద్దమ్మకు ఇయ్యమంటావా, వద్దంటావా, చెప్పు స్వామీ” అని అడిగింది. నేను కళ్లార్పకుండా పువ్వులనే చూశాను. ఏది జారాలని మొక్కుకోవాలో తెలియక రెండూ జారకూడదని మొక్కాను. కాసేపటికి మా కుడిచేతి వైపున్న పువ్వు కొంచెం వాలి, జారి, కింద పడింది.

పెద్దమ్మ సంతోషంతో ఏడ్చేసింది. జేజి మాత్రం తాపీగా, ఇయ్యొద్దంటాండాడు స్వామి, అంది. మన కుడి స్వామికి ఎడమ కదా, చెప్పేది స్వామి అయినప్పుడు లెక్క కూడా స్వామిదే కదా అని ఆమె వాదం. పెద్దమ్మ కన్నీళ్లు తుడుచుకుని, అడిగేది మనమైనప్పుడు లెక్క మనదేనంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. అక్కడ పూజారే లేడు కాబట్టి అందరూ పూజారులయ్యారు. బావి తవ్వేటప్పుడు మన కుడినే కదా లెక్కపెట్టావని నాయన తన తల్లికి గుర్తు చేశాడు.

“ఆ బాయిలో నీళ్లు పడినాయా?” అంది జేజి. “అందుకే ఇప్పుడు స్వామి కుడి అంటాండా.”

నాయనకు చిరాకెత్తింది. ముందు స్వామికి మొగం యాడుందో చెప్పండన్నాడు. నిజమే, ఆ రాయికి ఒకప్పుడు వెండికండ్లు ఉండేవట, ఏదో వరదకు కొట్టుకుపోయాయట. ఆ కళ్లు మా వైపు ఉండేవో, కొండ వైపు ఉండేవో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. స్వామి మాకు వీపు తిప్పి కూర్చుని ఉంటే మళ్లీ లెక్కంతా తారుమారు. ఇంకోసారి అడుగుదామా అంటే, ఒక మాట రెండుసార్లు అడిగితే స్వామికి కోపమని జేజి ఒప్పుకోలేదు. నేను నా చేతులు రెండూ చాచి చూసుకున్నాను. అప్పటిదాకా కుడిచెయ్యి ఏదో నాకు బాగా తెలుసు. ఆ పొద్దున అదీ అనుమానమైంది. ఇంత జరుగుతున్నా అమ్మ దుప్పట్లు దులిపి మూటలు కడుతూనే ఉంది.

ఆ రాళ్ల మీదుగానే తిరిగి నడిచాం. ఆళ్లగడ్డ బస్టాండుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నంద్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అమ్మ నా వీపు మీది మూట విప్పి, ముడి మళ్లీ గట్టిగా బిగించి, పెద్దమ్మ భుజానికి తగిలించింది. జేజి ఏదో అనబోయింది, నాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“పెద్దమ్మ చెయ్యి ఇడువొద్దు పాపా,” అంది అమ్మ.

అందరం నంద్యాల పోతున్నామనుకున్నాను. అమ్మ వెనక తలుపు నుంచి ఎక్కుతుందనుకుని వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నాను. బస్సు ఊరు దాటి, కండక్టరు టికెట్లు కొట్టడం మొదలుపెట్టాక గాని అమ్మ ఎక్కలేదని నాకు తెలియలేదు. అప్పుడు ఏడ్చాను. పెద్దమ్మ కూడా ఏడ్చింది, నా ఏడుపుకో తన సంతోషానికో.

నంద్యాలలో నాకు ఏ లోటూ లేదు. పొద్దున్నే హోటల్ నుంచి ఆకులో కట్టిన వేడి బొరుగుల ఉగ్గాని, మంచి బడి, నెత్తిన ఫ్యాను. పెద్దమ్మను ఎంత ప్రేమించానో చెప్పలేను. సెలవులకు ఊరికి పోతే మాత్రం నేను చుట్టాన్ని. మా అక్క నాకు గ్లాసులో మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది. స్వామి నన్ను తనకిచ్చాడని పెద్దమ్మ చివరిదాకా నమ్మింది. వాన తప్పిన ప్రతి ఏడూ, స్వామి వద్దన్నా ఇచ్చినందుకే ఇలా అయిందని జేజి సణిగేది. స్వామి ఏమీ చెప్పలేదు, మీరే చెప్పుకున్నారని నాయన. ఇన్ని కథల్లో నాది ఏదో నాకు తెలిసేది కాదు.

ఇప్పుడు జేజీ లేదు, నాయనా లేడు, పోయిన మాఘంలో పెద్దమ్మ కూడా పోయింది. కోనలోకి సిమెంటు మెట్లు, ఇనుప కడ్డీలు వచ్చాయట. రాయికి ఎవరో భక్తులు కళ్లూ మీసాలూ ఉన్న ఇత్తడి ముఖం తొడిగించారట, కుడేదో ఎడమేదో ఇక అనుమానం లేదు. పువ్వడిగేవాళ్లే లేరు. మూటలు కట్టేవాళ్లూ లేరు, కొర్రగడ్డిలో కాయలు మాగేసేవాళ్లూ లేరు.

తమ్ముడి దగ్గర ఉండే అమ్మ నిన్న మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు, ఇన్నేళ్లూ అడగని మాట అడిగాను. ఆ రోజు నువ్వు ఏ కుడి లెక్కపెట్టావమ్మా అని.

“పువ్వు యాడ పడిందో నేను చూడల్యా,” అంది అమ్మ. “మా యక్క మొగం చూస్తాంటి. రాళ్లకు కాళ్లు పగిలి నెత్తురు కారతాంటే కూడా తెలీకుండా మొక్కుతాండె. ఆయమ్మను ఒట్టి చేతులతో ఎట్ల పంపేది?”

ఇక ఆగలేకపోయాను. మరి నన్ను చూడలేదా అమ్మా, అన్నాను. నేనూ అక్కడే ఉన్నాను కదా, నీ పక్కనే.

అమ్మ నా వైపు తిరిగింది.

“నిన్ను చూసింటే ఇచ్చేదాన్నా?” అంది.