రాగిరేకు మీద నా ముఖం

ఆ కబురు మొదట తెచ్చింది పక్కింటి పైడమ్మ వదిన. "ఏటే, ఆ బొమ్మల సూర్రావు దాదా రేకు మీద నీ మొగాన్ని మేకుతో అడ్డంగా గీకీసినాడు! సేతబడేమో!" అంది.

గార్డెన్ రీచ్‌లో మా వీధి చివర ఉండే, ఇక్కడి బెంగాలీ అలవాటున అందరం దాదా, అంటే అన్న, అని పిలిచే ఆ పెద్దాయన, దీపం పెడుతున్న నన్ను రాగిరేకు మీద చెక్కి, కాగితాల మీద అచ్చులు తీశారు. మా పాపకేమో మూడు రోజులుగా జ్వరం. నాకు అనుమానం పట్టుకుంది. దేవుణ్ణి తలుచుకుంటూ వెళ్లి అడిగేశాను.

"అనుకున్న పది అచ్చులూ తీసీసినానమ్మా. ఇంక నీ మొగాన్ని ఎవులూ దొంగసాటుగా అచ్చేసుకోకుండా రేకు పాడుసేసినాను. మా పనిలో అదే పద్ధతి," అని నవ్వి, ఆ రేకు నా చేతిలోనే పెట్టారు. సిగ్గుతో నా తల వాలిపోయింది.

పాప జ్వరం డాక్టరు మాత్రలతో తగ్గింది. దాదా ఇప్పుడు లేరు. ఆ గీతల రేకు మా దేవుడి గూట్లో ఉంది. మీరూ దీపం పెట్టేటప్పుడు మా సూర్రావు దాదాను ఒక్కసారి తలుచుకోండి.