పట్టకారుకు పెట్టిన పరీక్ష

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. ఆ సంగతి ఎదుటివారు మరిచిపోతారేమోనన్న బెంగతో, పట్టా నకలును ఎక్కడికి వెళ్లినా సంచిలో వెంటబెట్టుకొని తిరిగేవాణ్ణి. ఆ అలవాటు వల్ల ఒక కోడె, కావలసిన దానికంటే రెండు నెలలు ఎక్కువగా కోడెగానే ఉండిపోయింది.

ఆ కోడె మా చిన్నమ్మది. నర్సింహులపేట పక్కన మా ఊళ్లో ఆమెకు మిగిలింది ఒక ఎద్దు, ఈ కోడె. వానలు పడేలోగా కోడెకు విత్తులు నొక్కించి, ఎద్దును చేసి కాడికి అలవాటు చేయాలి. లేకపోతే రెండింటినీ అంగడికి తోలి, చేను కౌలుకివ్వాలి. పశువుల దవాఖానలో శిక్షణ ముగించి అప్పుడే పనిలోకి దిగిన నేను భరోసా ఇచ్చాను.

"కత్తి లేదు, రక్తం లేదు చిన్నమ్మా. తోలు మీదికెల్లే లోపలి నరం నలిపేస్తె అయిపాయె. ఆ నలిపే పట్టకారు నేనే తెస్త."

జనగామ దుకాణంలో కోడెలకు సరిపోయే పట్టకార్లు రెండు చూపించారు. ఒకటి మసకగా, నూనె జిడ్డుతో ఉంది. రెండోది తళతళలాడుతోంది. మా డాక్టరుగారు నేర్పిన పరీక్ష ఒకటుంది: కాగితం మడతలో దారం పెట్టి నొక్కితే దారం తెగాలి, కాగితం తెగకూడదు. పట్టకారు నోటి పొడవునా అలా చూడాలి. నా దగ్గరున్న కాగితం పట్టా నకలు ఒక్కటే. దాని మూలను మడిచి, మెరిసే పట్టకారు కొసన పెట్టి నొక్కాను. దారం తెగింది.

"నడుమల గూడ చూడున్రి సార్," అన్నాడు దుకాణదారు.

నడుమదాకా తోస్తే నొక్కు నా పేరు మీద పడుతుంది.

"అవసరం లేదు. శాస్త్రీయంగానే పరిశీలించాను."

"కొననీకి వచ్చిన్రా సార్, పేపర్లు దిద్దనీకి వచ్చిన్రా?"

మెరిసేదాన్నే కొన్నాను. మాఘంలో కోడెను పడవేసి, రెండు పక్కలా విడివిడిగా నొక్కి, చూడవచ్చిన వారికి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. నెలన్నర తిరిగేసరికి చిన్నమ్మ కబురు పెట్టింది.

"నీ ఉపన్యాసం మంచిగనే ఉండె బిడ్డా. కోడెకే సమజు కాలే. నిన్న కంచె దుంకి పక్కోళ్ల ఆవు ఎంబడి పడ్డది."

తడిమి చూశాను. నలిగితే ఎండిపోవలసిన విత్తులు రెండింట్లో ఏదీ ఎండలేదు.

"ఉగాది రానే వచ్చె. ఇగ అమ్ముదునా, చెప్పు," అంది. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

ఆమె వాకిట్లోనే కూర్చుని నకలును పట్టకారు నడుమదాకా తోసి నొక్కాను. దారం చెక్కుచెదరలేదు. నా పేరు మీద నొక్కు మాత్రం పడింది.

మర్నాడే జనగామ వెళ్లి మసకదాన్ని అడిగాను. నా పేరు మీద, కళాశాల పేరు మీద, పాసైన తరగతి మీద వరుసగా నొక్కాను. మూడు చోట్లా దారం తెగింది, కాగితం నిలిచింది.

"గిప్పుడు పాసయిన్రు సార్," అన్నాడు దుకాణదారు.

కోడె నన్ను మరిచిపోలేదు. మసకదాన్ని కొని మళ్లీ నొక్కబోతే, తాడు వేయకముందే కాలు విసిరింది. అయినా వైశాఖం చివరికి దాని విత్తులు ఎండిపోయాయి, మృగశిర కార్తెలో అది ఎద్దు పక్కన కాడి మోసింది. దున్నకం చూసిన పక్క ఊరి రైతు ఒకడు, తన కోడెకూ నన్ను పంపమని చిన్నమ్మను అడిగాడు.

"వస్తడు," అంది చిన్నమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "గా కాగితం మర్వకు బిడ్డా."