తాలీం మన్నులో గంజి

ఆ రోజు తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలకు గంజి పొంగి పొయ్యి మీద పడింది. మంట తగ్గించి, గుడ్డతో తుడిచాక గాని గుర్తుకు రాలేదు, ఆ గంజి పట్టించడానికి ఇంట్లో నూలు లేదని.

గద్వాలలో మాది చేనేత ఇల్లు. మగ్గం నాది, నూలు పని నా భార్యది. మా వీధిలో చాలా మగ్గాల నూలుకు గంజి పట్టేది ఆమే. దాదాపు రోజూ ఆ వేళకే పొయ్యి వెలిగించేది. ఆమె పోయాక నేను మగ్గం మీద కూర్చోవడం మానేశాను. గంజి కాయడం మాత్రం మానలేకపోయాను. కాచి, చల్లారాక పారబోసేవాణ్ని.

తెల్లవారేదాకా ఆ ఇంట్లో ఊరికే కూర్చోలేక, వీధి చివర తాలీంకు వెళ్లడం మొదలుపెట్టాను. కుస్తీ నేర్చుకునే వయసు కాదు నాది. తాలీం అంటే రేకుల కప్పు, దాని కింద ఎర్రమన్ను పోసిన గుంట. కుస్తీ పట్టేవాళ్లు వచ్చేలోగా ఆ మన్ను పారతో తిరగేయాలి, రాళ్లు ఏరాలి, నీళ్లు చిలకరించి పలకతో చదును చేయాలి. ఆ పనికి మనిషి లేడని విని, నేను చేస్తానన్నాను. ఉస్తాద్ నాకంటే చిన్నవాడు, ఒకప్పుడు ఊరూరా తిరిగి కుస్తీలు పట్టినవాడు. ఎందుకని అడగలేదు. "జర నడుం చూసుకో అన్నా" అని పార చేతికిచ్చాడు.

అది ఎండాకాలం. పట్టు పట్టినప్పుడల్లా దుమ్ము లేచేది. గంజి నూలు మీది నూగును అణచిపెడుతుంది గదా, దుమ్మునూ అణుస్తుందనుకున్నాను. పొంగిపోగా మిగిలిన గంజిని బిందెలో తీసుకుపోయి, ఆ పొద్దుటి కుస్తీలు అయ్యాక నీళ్లు కలిపి మన్నంతా చల్లాను. పలకతో నున్నగా చేశాను. మర్నాడు తాలీంకు సెలవు. ఆ పై రోజు మన్నులో పార దిగలేదు. చీమలు బారులు కట్టాయి.

"ఉస్తాద్, గిది మన్నా, తారు రోడ్డా?" అన్నాడు ఒక పహిల్వాను, మడమతో తట్టి చూసి.

"గీడ ఎత్తేస్తె పండ్లు రాలుతయ్," అన్నాడు ఇంకొకడు. "చీమలు సూడుండ్రి, మనకంటె ముందే దిగినయ్ కుస్తీకి."

ఉస్తాద్ ఒక పెళ్ల తీసి వాసన చూశాడు. "ఏం పోసినవ్ అన్నా?"

"గంజి," అన్నాను.

అందరూ నవ్వారు. "మన్నుకు గంజి పడితివా! చీర నేస్తవా ఏంది దీంతోటి?" అన్నాడు ఉస్తాద్.

నాకు నవ్వు రాలేదు. ఇక రావద్దంటాడేమోనని భయం పట్టుకుంది. అలా అంటే రేపటి నుంచి ఆ వేళకు ఆ పొయ్యి ముందు ఒక్కణ్నే ఉండాలి.

ఉస్తాద్ నా ముఖం చూసి నవ్వాపాడు. అతని ఇల్లు మా వెనక వీధిలోనే. "వదినె పోయినా ఇంక కాస్తనే ఉన్నవా?" అన్నాడు మెల్లగా. తలూపాను.

"మన్నుల మజ్జిగ పోస్తం, నూనె పోస్తం, పసుపు ఏస్తం. గంజి పొయ్యం. మన్ను పొడిపొడిగ ఉంటెనే పడ్డోనికి దెబ్బ తాకది." గడ్డపార అందుకుని మళ్లీ అన్నాడు: "కాయబుద్ధయితె కాయి. మన్నుల పొయ్యకు, మాకు పొయ్యి. ఉప్పేసుకొని తాగుతం. రేపు జర జల్దీ రా. ఈ పెళ్లలు నువ్వే పగలగొట్టాలె."

"గంజి తెస్తె మేం గూడ కొడ్తం," అన్నాడు పండ్లు రాలతాయన్నవాడు.

చాలా పొద్దుల పాటు పెళ్లలు పగలగొట్టి జల్లెడ పట్టాం. గోపాల్‌పేట నుంచి ట్రాక్టరులో వచ్చిన కొత్త మన్ను కలిపాం. పాత మన్ను ఒక్క తట్ట కూడా బయట పారేయలేదు. ఆ తాలీంలో అది పద్ధతి.

ఆమె పోయాక దుఃఖం గురించి దొరికినవన్నీ చదివాను. కొన్ని మంచి పుస్తకాలే. రేపు జల్దీ రమ్మన్నది మాత్రం ఉస్తాద్.

ఇప్పటికీ ఆ వేళకే గంజి కాస్తాను. ఉప్పు వేసి, స్టీలు క్యానులో పోసుకుని తాలీంకు తీసుకుపోతాను. మన్ను తిరగేయడం పూర్తయ్యేసరికి తాగే వేడికి వస్తుంది. గ్లాసులు ఎవరు కడగాలని పహిల్వాన్లు రోజూ కొట్లాడుకుంటారు. ఎంత మేలు చేశారో వాళ్లకు ఎన్నడూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో ఇప్పుడు నూలుకు గంజి పట్టడం లేదు. కాచిన గంజి పారబోయడమూ లేదు.