మాణిక్యాంబగారు చూసిన కుక్క సంబంధాలు

కరోల్ బాగ్‌లో మాణిక్యాంబగారిని ఎరగని తెలుగు కుటుంబం ఉండేది కాదు. ఇంట్లో పెళ్లీడు పిల్లో పిల్లాడో ఉంటే ఆవిడ గుమ్మం ఎక్కాల్సిందే. ఆవిడ సొంతూరు కాకినాడ. భర్త పద్మనాభంగారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వల్ల ఢిల్లీ వచ్చి ఇరవై తొమ్మిదేళ్లయింది. మొదట ఊసుపోక, తరవాత పేరు కోసం, ఆ తరవాత మానలేక సంబంధాలు కుదురుస్తూ వచ్చారు. పైసా పుచ్చుకునేవారు కాదు. పెళ్లివారు పట్టుచీర పెడితే మాత్రం, కాదంటే బాధపడతారని పుచ్చుకునేవారు. అలా బాధపడకుండా కాపాడిన కుటుంబాల చీరలు బీరువాలో అరవై దాకా ఉన్నాయి.

బయోడేటాలు రాయడంలో ఆవిడకు సొంత భాష ఒకటి ఉండేది. పిల్లవాడు మితభాషి అని రాశారంటే, పెళ్లిచూపుల్లో వాడు నోరు విప్పకపోవడమే మేలని. ఇంటిపట్టున ఉండే మనిషి అంటే ఉద్యోగం లేదని. ఫొటో సరిగ్గా పడలేదు అంటే బాగానే పడిందని. వయసు పెళ్లికొడుక్కి మూడేళ్లు, పెళ్లికూతురికి మూడేళ్లు తగ్గించేవారు. ఇద్దరికీ సమానంగానే తగ్గిస్తున్నప్పుడు ఇందులో మోసం ఏముందని ఆవిడ వాదన.

2005 డిసెంబరులో పద్మనాభంగారు రిటైరయ్యారు. ముప్పై మూడేళ్లు ఆడిట్‌లో పనిచేసిన మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకో విద్య నేర్చుకోలేదు. రిటైరైన వారానికి కాకినాడ నుంచి ఫోనొచ్చింది. మాణిక్యాంబగారు స్నానంలో ఉన్నారు. ఆయన ఎత్తారు.

"మీరు చెప్పిన అబ్బాయి ఎలాంటివాడండీ?" అనడిగారు అవతలి పెద్దమనిషి.

"మంచివాడేనండీ. రెండేళ్లలో నాలుగు కంపెనీలు మారాడు."

"అయితే బాగా డిమాండున్న కుర్రాడన్నమాట."

"కాదండీ, వాళ్లే మారమన్నారు."

ఆ సంబంధం అక్కడితో సరి. పది రోజుల్లో మరొకటి పోయింది. పిల్లకి సంగీతం వచ్చా అని ఎవరో అడిగితే, ఒక పాట వచ్చునని, అదీ సగం వరకేనని ఆయన చెప్పారు.

"మీరు ఫోను ఎత్తకండి," అన్నారు మాణిక్యాంబగారు.

"మోగుతుంటే ఎత్తకుండా ఎలా ఉంటాను?"

ఆయన్ని రోజూ కాసేపు ఇంట్లోంచి బయటికి పంపే ఉపాయం కావాలి. పొద్దునా సాయంత్రం నడవమని డాక్టరు చెప్పనే చెప్పాడు. "ఎక్కడికి?" అనడిగారు పద్మనాభంగారు. ఎక్కడికీ కాదు, ఊరికే అన్నాడు డాక్టరు. ఎక్కడికీ కానప్పుడు ఎందుకు నడవాలో ఆయనకు అర్థం కాలేదు. ఎదురింటి బాత్రాగారు మాత్రం తన కుక్కతో రోజుకు రెండు గంటలు ఇంటి మొహం చూడరు. అది బాల్కనీలోంచి చూసి మాణిక్యాంబగారు కుక్కను తేవాలని తీర్మానించారు.

"అంతేనా? మన మెట్ల కిందే నాలుగున్నాయి," అన్నారు పద్మనాభంగారు.

"తల్లెవరో తండ్రెవరో తెలియందే నా గడప తొక్కనివ్వను."

రంగనాథ్ అని గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకడు ఆవిడ జాబితాలో ఉన్నాడు. జాబితాలో మితభాషి, ముప్పై ఒక్కేళ్లు. నిజానికి ముప్పై నాలుగు. రెండేళ్లుగా సంబంధం కుదరలేదు కనక, ఆవిడ ఏ పని చెప్పినా కారేసుకుని వచ్చేవాడు. సోహ్నా రోడ్డులో జాతి కుక్కపిల్లల్ని పెంచి అమ్మే ఖురానా అనే ఆయన అడ్రసు అతనే సంపాదించాడు. ఎండలు ముదిరాక ఒక ఆదివారం ముగ్గురూ వెళ్లారు.

ఖురానా చల్లటి మజ్జిగ ఇప్పించి, తోలు అట్ట ఫైలొకటి తెరిచాడు. "దేఖియే మేడమ్. తాత ఛాంపియన్. ముత్తాత ఇంగ్లండు నుంచి వచ్చాడు. ఏడు తరాలు రాసున్నాయి."

మాణిక్యాంబగారికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పుట్టింటివాళ్లకే నాలుగు తరాలకు మించి తెలియవు. ఈలోగా ఎర్ర మఖమలు పరిచిన బుట్టలో ఐదు లాబ్రడార్ పిల్లల్ని తెచ్చి పెట్టారు. గోధుమ రంగు ఉండల్లా ఉన్నాయి. ఒకదాని కళ్లు కారుతున్నాయి. ఏసీ గాలికి అలా ఉందన్నాడు ఖురానా.

ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని, పుట్టిన తేదీని బొటనవేలితో తడిమి చూశారు. గరుకుగా తగిలింది. వైట్నర్. ఎన్ని జాతకాల మీద తను పూసిందో ఆ వేలికి తెలుసు. ఏడు తరాల పేర్లూ ఒకే పెన్నుతో, ఒకే పూట కూర్చుని రాసినట్టున్నాయి. తండ్రి కుక్క ఫొటోకు పైన నడిమధ్య మేకు చిల్లు ఉంది. అంటే గోడ క్యాలెండరులోంచి కత్తిరించింది. ఆవిడకు కోపం రాలేదు. పనితనం ఉన్నవాడే అనుకున్నారు.

"తల్లినొకసారి చూపించండి," అని మాత్రం అడిగారు.

"తల్లి చండీగఢ్ వెళ్లింది జీ. అక్కడ డాగ్ షో."

అప్పటికి పద్మనాభంగారు గదిలో లేరు. ఎక్కడికి వెళ్లినా ముందు గది చూపిస్తే వెనక గది చూడటం ఆయన ఉద్యోగ ధర్మం, పింఛను వచ్చాకా అది పోలేదు. కాసేపటికి గుమ్మంలో కనిపించారు.

"మాణిక్యం, తల్లి చండీగఢ్ వెళ్లలేదు. వెనక రేకుల షెడ్డులో ఉంది."

షెడ్డులో తీగ బోనులు వరసగా ఉన్నాయి. ఒక దానిలో గోధుమ రంగు కుక్క పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పొదుగు నేలకు జారింది. మనుషుల్ని చూసి తోక ఒక్కసారి ఆడించి, మళ్లీ ఆడించే ఓపిక లేక ఊరుకుంది.

"ఇది వేరే కుక్క జీ," అన్నాడు ఖురానా.

"పిల్లల్ని దగ్గర పెడితే అదే చెబుతుంది కదండీ," అన్నారు పద్మనాభంగారు. ఖురానా ఫైలు మూసేశాడు.

"ఏడు తరాలు రాసినవాడు కన్నతల్లిని రేకుల కింద పడేశాడు," అన్నారు మాణిక్యాంబగారు కారెక్కుతూ. వైట్నర్‌కి నొచ్చుకోని మనిషి దీనికి నొచ్చుకున్నారు.

రంగనాథ్ ఆఫీసులో ఇషిత అనే అమ్మాయి ఉంది. ఆదివారాలు ఘిటోర్నీ దగ్గర దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టర్‌లో సేవ చేస్తుంది. అతను చెప్పింది విని ఆమె ఖురానా మీద ఫిర్యాదు పెట్టించింది. ఖురానా వెంటనే గట్టి చర్య తీసుకున్నాడు. గేటు మీది బోర్డు పేరు మార్చాడు.

ఆమె రమ్మంటే మరుసటి ఆదివారం ముగ్గురూ షెల్టర్‌కి వెళ్లారు. ఇక్కడ మజ్జిగ లేదు, ఆరు పేజీల ఫారం ఉంది. ఇల్లు సొంతమా అద్దెదా, కుక్క ఎక్కడ పడుకుంటుంది, మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంట్లో కోపిష్టులున్నారా. మాణిక్యాంబగారి చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి ప్రశ్నలు ఆవిడ వేయడమే తప్ప జవాబు రాసి ఎరగరు.

"కుక్క ఎందుకు కావాలి, ఆంటీ?" అంది ఇషిత, ఫారంలో ఖాళీగా ఉన్న గడి చూపించి.

"నోరులేని జీవాలంటే నాకు మొదటినుంచీ జాలి," అన్నారు ఆవిడ.

"నేను ఫోను ఎత్తకుండా ఉండటానికి," అన్నారు పద్మనాభంగారు.

ఇషిత ఇద్దరివంకా చూసి రెండూ రాసుకుంది. తరవాత బోనుల దగ్గరికి తీసుకెళ్లింది. ఒక్కొక్క బోను మీద ఒక కార్డు. చాలా చురుకైనది అని ఒకదాని మీద. స్వతంత్ర భావాలు కలది అని ఇంకోదాని మీద. మాణిక్యాంబగారు నడుస్తూనే చదివి భర్తకు తెలుగులో అర్థం చెప్పారు. "ఇది తలుపులు పీకుతుంది. అది పిలిస్తే రాదు. ఈ సిగ్గరి ఉంది చూశారూ, ఇది కరుస్తుంది." కార్డులు ఇషితే రాసింది. దయతో రాసినా ఆ భాష ఆవిడకు సొంత భాషే.

చివరి బోనులో చెవి చిరిగిన గోధుమరంగు దేశవాళీ కుక్క, దుకాణంలో గల్లా ముందు కూర్చున్న షావుకారులా కూర్చుని ఉంది. దాని మీద కార్డు లేదు. అక్కడ నీళ్లు పోస్తున్న దశరథ్ అనే యాభై ఏళ్ల మనిషిని పద్మనాభంగారు హిందీలో అడిగారు.

"వీడి పేరు సేఠ్ బాబూజీ. ఆరేళ్లుంటాయి, ఏడైనా ఉండొచ్చు. రెండిళ్లకి పంపితే రెండుసార్లూ వెనక్కి పంపేశారు. చెప్పులు కొరుకుతాడు. హెల్మెట్ పెట్టుకున్నవాణ్ని చూస్తే మంచం కింద దూరతాడు. గొంతు లేదు, దొంగొచ్చినా మొరగడు. మనిషిని మాత్రం ఎప్పుడూ కరవలేదు."

"ఇంకేమైనా ఉందా?"

"పిడుదులు కూడా పడుతుంటాయి. మందు రాస్తే పోతాయి."

పద్మనాభంగారి మొహం విప్పారింది. ముప్పై ఏళ్లుగా ఇంట్లో బయోడేటాలు చదువుతున్నా, ఆయన నమ్మిన మొదటి బయోడేటా ఇదే. "వీడే," అన్నారు.

"రెండుసార్లు తిరిగొచ్చిన సంబంధమండీ," అన్నారు మాణిక్యాంబగారు, గొంతు తగ్గించి.

"వీడే," అన్నారు ఆయన మళ్లీ. పెళ్లయినప్పటినుంచీ ఆయన ఒక మాట రెండుసార్లు అనడం ఆవిడ వినలేదు.

కానీ ఒప్పుకోవాల్సింది ఆవిడ కాదు. ఇల్లు చూడందే కుక్కను ఇవ్వడం కుదరదంది ఇషిత. బుధవారం సాయంత్రం వస్తుందంటే మాణిక్యాంబగారు మధ్యాహ్నం నుంచే పెసరట్టు పిండి రుబ్బి, కర్టెన్లు మార్చి, ఉప్పాడ చీర కట్టుకుని కూర్చున్నారు. ఇషిత పెసరట్టు ముట్టలేదు. డైట్‌లో ఉన్నానంది. బాల్కనీ ఊచల మధ్య సందు జానతో కొలిచింది. పడకగదిలో మంచం కింద చూసింది.

"బాగుంది ఆంటీ. మావాళ్లతో మాట్లాడి చెప్తాను."

ఇంటికెళ్లి కబురు చేస్తాం అనే మాటకు అర్థం మాణిక్యాంబగారికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. తొమ్మిది రోజులు ఫోను రాలేదు. మోగిన ప్రతిసారీ ఆవిడే పరుగెత్తారు. కూర మాడింది. పక్కింటివాళ్లు కుక్క సంగతి అడిగితే, మేమే ఇంకా ఆలోచిస్తున్నాం అని చెప్పారు.

"అరవై పెళ్లిళ్లు చేసిన దాన్ని. ఒక వీధికుక్కకి నేను పనికొస్తానో లేదో చూస్తారా?"

"పెళ్లిచూపులయ్యాక ఆ ఆడపిల్లలకీ ఇలాగే ఉండేదేమో," అన్నారు పద్మనాభంగారు పేపరులోంచి తల ఎత్తకుండా. ఆవిడ మాడిన గిన్నె తోమడానికి లేచారు.

పదో రోజు కబురు వచ్చింది. సేఠ్ వచ్చాడు. దశరథ్ చెప్పినవన్నీ నిజమయ్యాయి, పిడుదులతో సహా. ఆవిడ మొదటి వారం వాణ్ని వంటింటి గడప దాటనివ్వలేదు. రెండో వారం పెరుగన్నం కలిపి పెట్టారు, పారేయడం ఎందుకని. మూడో వారం నుంచి వాడికోసమే వండటం మొదలుపెట్టారు.

పద్మనాభంగారు రోజూ రెండు పూటలా వాడితో పార్కుకి వెళ్లసాగారు. ఫోను మళ్లీ ఆవిడ ఒక్కరి చేతికి వచ్చింది. ఆవిడ లెక్కలో రానిది ఒకటే. ఆ పార్కులో నడిచేవాళ్లలో సగంమంది తెలుగు తండ్రులు. ఇదివరకు నిజం కావాలంటే ఆవిడ లేనప్పుడు చూసి ఫోను చేయాల్సి వచ్చేది. ఇప్పుడు నిజం కుక్కను పట్టుకుని రెండు పూటలా వాళ్లకు ఎదురొస్తోంది.

ఆగస్టులో ధర్మయ్య అనే ఆయన ఇంటికొచ్చారు. కరీంనగర్ వైపు మనిషి, ఢిల్లీలో బ్యాంకు ఆఫీసరు. ఆయన కూతురు భవ్యశ్రీకి రంగనాథ్ సంబంధం మాణిక్యాంబగారు అంతకుముందే చెప్పి ఉన్నారు.

"పోరనికి ముప్పై నాలుగంట గదమ్మా," అన్నారాయన కూర్చుంటూనే.

ఆవిడ లేచి ఫ్యాను పెంచారు. "ఎవరన్నారండీ?"

"మీ సారే చెప్పిండు, పార్కుల. మంచిగైంది పొండి. మా పిల్లకు ముప్పై ఒకటి. మీరు ఇరవై ఎనిమిదని రాసిన్రు. గా ఇరవై ఎనిమిదేండ్ల పిల్లని యాడ్నించి తెచ్చి చూపెట్టాల్నో అని నాకు పరేషానుండె. ఇగ ఆ బాధ లేదు."

రంగనాథ్ ముప్పై నాలుగేళ్లవాడిగా, భవ్యశ్రీ ముప్పై ఒక్కేళ్లదానిగా ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. మితభాషి అని రాసిన మనిషి నోరు విప్పితే ఏ ప్రమాదమూ జరగలేదు. మరుసటి ఫిబ్రవరిలో పెళ్లయింది. సంబంధం తానే కుదిర్చానని మాణిక్యాంబగారు అందరికీ చెప్పుకున్నారు, అందులో అబద్ధం ఏమీ లేదు. పెట్టిన పట్టుచీర ఆ ఏడాది బీరువాలోకి చేరినవాటిలో అన్నిటికంటే బరువైనది.

ఆ ఎండాకాలం లక్ష్మీకుమారి అనే ఆవిడ కూతురి వివరాలు పట్టుకుని కొత్తగా వచ్చింది. మాణిక్యాంబగారు కళ్లజోడు పెట్టుకుని, వయసు గడి దగ్గర ఆగారు.

"ముప్పైకి ఒక్క ఏడాది తగ్గిస్తాను. అంతకన్నా తగ్గించను."

"ఒక్క ఏడాదితో ఏమొస్తుందండీ?"

"ఏమీ రాదు. మీ తృప్తికి."

లక్ష్మీకుమారి అసంతృప్తిగానే లేచి వెళ్లింది. మాణిక్యాంబగారు బాల్కనీలోకి వచ్చి చూస్తే, అప్పుడే నడక ముగించుకుని వస్తున్న పద్మనాభంగారు గేటు దగ్గర లక్ష్మీకుమారికి ఎదురయ్యారు. ఆవిడ ఏదో అడిగింది. ఆయన గొలుసు గేటు ఊచకు తగిలించి, తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టారు. కుక్క ఇద్దరి మధ్యా చతికిలబడింది. అది ఇప్పట్లో తేలే వ్యవహారంలా కనిపించలేదు. ఆ నిజమేదో పైన కూర్చునే చెప్పమని మాణిక్యాంబగారు కిందికి కేకేసి, లక్ష్మీకుమారిని మళ్లీ పైకి పిలిచి, ముగ్గురికీ టీకి నీళ్లు పెట్టారు.